రెండు జల్లెడల నడుమ వెలుగు

నేను ఒక జల్లెడను. ఇత్తడి తీగల వల, చుట్టూ రేకు కట్టు. సూదిని చూసి నీకు బెజ్జం ఉందని వెక్కిరించింది మా వంశమేనని లోకం చెప్పుకుంటుంది. కావచ్చు. కానీ ఒళ్ళంతా చిల్లులున్నదానికి ఒక్క చిల్లున్నదాన్ని చూస్తే నవ్వు రాదు, కడుపు మండుతుంది. ఒక్క బెజ్జంతో అది పట్టుబట్టలు కుట్టి పేరు తెచ్చుకుంటుంటే, ఇన్ని బెజ్జాలున్న నేను మూలన కూర్చుని పిండి కిందికి వదులుతూ ఉండాలా? అసూయ నాకు పుట్టుకతో వచ్చింది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేను మంచిదాన్ననుకుని మోసపోకండి.

బందరులో కోనేరు సెంటరు దగ్గర రేకు పని చేసే మస్తాన్ సాయిబు నన్ను తయారుచేశాడు. చుట్టగా ఉన్న ఇత్తడి వలలోంచి గుండ్రంగా ఒక ముక్క కత్తిరించి, రేకు కట్టులో బిగించి, అంచును చిన్న సుత్తితో మడిచాడు. మడిచాక గోటితో వల మీద మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"డప్పులాగా పలకాలి. పలక్కపోతే అది జల్లెడ కాదు, చేపల బుట్ట" అన్నాడు పక్కనున్నవాళ్ళతో.

నేను పలికాను. ఆ రోజు నాతోపాటు కొట్లో వేలాడిన వాటిలో నా అంత ఖణీమని పలికింది ఇంకొకటి లేదు. ఉంటే నాకు నిద్రపట్టేది కాదు.

నన్ను కొన్నది ఈడేపల్లిలో తొక్కుడు లడ్డు చేసే ఇంటి పెద్దావిడ. బందరు లడ్డు తిన్నవాళ్ళకు దాని మెత్తదనం తెలుసు గానీ, అది ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు. శనగపిండిని పూసగా ఒత్తి నేతిలో వేయించి, ఆ పూసను రోట్లో దంచి, ఆ పొడిని జల్లించి, మళ్ళీ జల్లించి, బెల్లప్పాకం పోసి నెయ్యి వేస్తూ రోకళ్ళతో తొక్కితే అప్పుడది లడ్డు. జల్లెడలో ఒక్క కన్ను సాగినా బరక దిగుతుంది. బరక ఒక్క పలుకు పంటికింద పడితే చాలు, తిన్నవాడు లడ్డూ చేసిన చేతిని తిడతాడు గానీ జల్లెడను తిట్టడు. మనుషుల్లో నాకు నచ్చిన గుణం అదొక్కటే.

ఆ ఇంట్లో ఎప్పుడూ రెండు జల్లెడలు ఉండేవి. మొదటి జల్లింపుకు నేను. రెండోదానికి నాకంటే పిసరంత సన్నని కన్నున్న ఇంకొకటి. నా వరకు వస్తే ఆ పిసరే నా బతుకును పాడుచేసింది, ఆ పిసరే నిలబెట్టింది.

ఒకరోజు పొద్దున్న మమ్మల్నిద్దర్నీ కడిగి, తూర్పు కిటికీ ఊచలకు ఒకదానిమీద ఒకటి ఆనించి ఆరబెట్టారు. నేనొక్కదాన్నే ఉంటే నాలోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా దిగుతుంది. అంతే. పిండి దిగినట్టే వెలుగూ దిగుతుంది, చూడ్డానికేమీ ఉండదు. కానీ ఆ రోజు పెద్దావిడ గది మధ్యలో నిలబడి నోరు తెరిచింది. మా మీద అలలు ఉన్నాయి. వెలుగు పట్టీ, నీడ పట్టీ, మళ్ళీ వెలుగు పట్టీ, మళ్ళీ నీడ పట్టీ. ఆవగింజలో సగం కూడా లేని కన్నులు మావి. ఆ పట్టీలు మాత్రం బెత్తెడేసి వెడల్పు.

ఎందుకట్లా అయిందో నాకు తెలుసు, నేను లోపలున్నదాన్ని గనక. ఒకచోట దాని కన్ను సరిగ్గా నా కంటికి ఎదురుగా పడింది. అక్కడ వెలుగు సూటిగా వచ్చేసింది. దాని పక్క కన్ను వెంట్రుకవాసి జరిగింది. ఆ పక్కది ఇంకో వెంట్రుకవాసి. అలా జరిగి జరిగి, కొంతదూరం పోయేసరికి నా కంటి ఎదుట దాని తీగ అడ్డంగా నిలబడింది. అక్కడ నీడ. ఇంకొంత దూరం పోతే మళ్ళీ కన్నుకు కన్ను. మా తేడా ఎంత తక్కువైతే పట్టీలు అంత వెడల్పు. పెద్ద తేడా ఉన్న జల్లెడను తెచ్చి ఆనిస్తే పట్టీలు సన్నబడి, గజిబిజిగా కలిసిపోయి, ఉన్నాయో లేవో తెలియకుండా పోతాయి. దాదాపు ఒకటే అయిన ఇద్దరి మధ్యనే ఇంత ఆర్భాటం. తోడికోడళ్ళను చూడలేదా మీరు?

ఇంకొక సంగతి ఉంది, చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పైనున్న సన్నకన్నుదాన్ని పిసరంత పైకి జరిపితే అలలన్నీ దానితోపాటు పైకి పరుగెత్తేవి, అదీ దానికంటే ఎన్నో రెట్లు దూరం. నన్ను పిసరంత పైకి జరిపితే అవే అలలు కిందికి పారేవి. అది నడిస్తే అలలు దాని వెంట. నేను నడిస్తే నాకు ఎదురు. కళ్ళు కాస్త పెద్దవి కావడమే నా నేరం.

పెద్దావిడ తెలివైనది. కొన్నాళ్ళకు ఆ రెండో జల్లెడ రోటి అంచుకు తగిలి ఒకచోట నొక్కుకుంది. కంటికి ఏమీ తెలియలేదు. నా మీద ఆనించి చూస్తే తిన్నగా సాగే పట్టీ ఆ చోటికి రాగానే మోచెయ్యిలాగా వంగింది. వెంట్రుకవాసి వంకరను వేలెడు వంకర చేసి చూపించింది వెలుగు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఒక ఆచారం పుట్టింది. శుక్రవారం పొద్దున్న తలంటు పోసుకుని, జల్లెడలు కడిగి, కిటికీ దగ్గర అల చూడాలి. అల తిన్నగా ఉంటే ఆ వారం లడ్డుకు ఢోకా లేదు. అల వంగితే పైజల్లెడ పనికిరాదు.

గమనించారా, పైజల్లెడ. "పెద్ద జల్లెడ తప్పదు" అనేది పెద్దావిడ. పెద్ద జల్లెడంటే నేను. ఇంకొక మాట కూడా ఆవిడే అనేది: కొత్త జల్లెడను తెచ్చిన మాసం దాటేదాకా అల చూడకూడదు, కొత్త పెళ్ళికూతురికి వంక పెట్టినట్టవుతుందని. ఆవిడ పోయాక కోడలు మాణిక్యాంబ ఆ రెండు మాటల్నీ దీపారాధనతోపాటు నడిపించింది.

ఎన్ని జల్లెడలను పంపించాను! ఇనప తీగది ఉప్పుగాలికి తుప్పుపట్టి పోయింది. తర్వాత నాలాంటి ఇత్తడిదే ఒకటి వచ్చింది. కులుకులాడి. అల వంగింది, పాతసామాన్లకు పోయింది. తర్వాత నైలానుది. అది మరీ మెత్తటి మనిషి, ఎవరు నొక్కితే అటు ఒదిగేది. అలలు వంగి వంగి పాములయ్యాయి. ఆ జల్లెడ పట్టిన కనకవల్లి చెయ్యి బరువని మాణిక్యాంబ ఆమెను కూడా పనిలోంచి మాన్పించింది. జల్లెడ పోయింది, మనిషీ పోయింది. మేకుకు నేనొక్కదాన్నే మిగిలాను. ఆ ఏడు నా అంత సుఖపడ్డ జల్లెడ కృష్ణాజిల్లాలో లేదు.

నా సుఖంలో సగం నాంచారమ్మది. నాంచారమ్మ పెద్దావిడ కాలం నుంచి ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. భర్త పోయినా, ఊళ్ళు మారిన బంధువులు పిలిచినా, ఆ రోలు వదిలి పోలేదు. నన్ను ఇంకొకరు ముట్టుకుంటే ఒప్పుకునేది కాదు. సముద్రం దగ్గరి ఊరు గనక ఇత్తడికి చిలుము త్వరగా పడుతుంది. వారం వారం ఆమె చింతపండు నానబెట్టి, నన్ను ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో రుద్ది రుద్ది తోమేది. కట్టు పక్కన ఒకచోట చిలుము మొండిగా ఉండేది. అక్కడ ఎక్కువసేపు రుద్దేది. ఆ బొటనవేలి కింద నేను పిల్లిలాగా కళ్ళు మూసుకునేదాన్ని. ఇంట్లో ఏ గిన్నెకూ ఏ పళ్ళేనికీ అంత సేవ జరగలేదు. వాటి వంక ఓరగా చూసేదాన్ని కూడా.

రెండో జల్లెడ లేని ఆ రోజుల్లోనే లడ్డు కొన్నవాళ్ళు ఒకరిద్దరు పళ్ళలో బరక తగులుతోందన్నారు. మాణిక్యాంబ శనగపిండి మరవాణ్ణి తిట్టింది. మరవాడు శనగలను తిట్టాడు. శనగలకు తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

అప్పుడు వచ్చింది స్టీలు జల్లెడ. దాంతోపాటు ఝాన్సీ.

స్టీలుదాన్ని చూస్తే నాకు మొదటి క్షణంలోనే అర్థమైంది, నా రోజులు చెడ్డాయని. తళతళలాడుతోంది. చిలుము పట్టదు. చింతపండు అడగదు. ఉప్పుగాలి వస్తే నవ్వుతుంది. నీళ్ళలో ఒక్క మునక వేసి తీస్తే చాలు, పండక్కి తయారైనట్టుంటుంది. దాని కన్ను నాకంటే పిసరంత సన్నం. సరిగ్గా అంతే, ఎక్కువా కాదు తక్కువా కాదు. దేవుడు నన్ను ఏడిపించడానికి కొలిచి చేయించినట్టు.

ఝాన్సీ గిలకలదిండి వైపు పిల్ల. ముప్ఫైకి లోపే ఉంటుంది. మొగుడు పడవ మీద పోయి ఇంకో రేవులో ఇంకో కాపురం పెట్టుకున్నాడు. అన్న ఇంటికి పోతే, వదిన మొదటి పూటే "ఎన్నాళ్ళుంటావమ్మా?" అని నవ్వుతూ అడిగిందట. మాణిక్యాంబ పనితోపాటు పెరటి గది ఇచ్చింది. ఆ గది గడపకు ఝాన్సీ మొదటి రోజే పసుపు రాసి బొట్లు పెట్టింది. అద్దె ఇంటికి ఎవరైనా అలా పెడతారా? ఇంకెక్కడికీ పోయే దారిలేని మనిషి పెడుతుంది.

నెల తిరక్కముందే మాణిక్యాంబ లడ్డు కొరికి కళ్ళు మూసుకుంది.

"అబ్బ! ఝాన్సీ చెయ్యి పడ్డాక వెన్నలాగా ఉందే పిండి. మా అత్తగారి రోజులు గుర్తొచ్చాయి."

నాంచారమ్మ రోకలి ఎత్తింది ఎత్తినట్టే ఆపింది. ఆ మాట అంతకుముందు ఆమె సొత్తు.

"కొత్త చీపురు బాగా ఊడుస్తుంది లెండి అమ్మగారూ" అంది.

"చీపురేంటి పెద్దమ్మా, జల్లెడ గదా!" అంది ఝాన్సీ పకపకా నవ్వి. ఆ పిల్లకు ఎత్తిపొడుపు తెలిసేది కాదు. అదే నాంచారమ్మకు ఇంకా మంట.

మేమిద్దరం ఆ నెలంతా కలిసి కుమిలాం. ఆమె రోటి దగ్గర, నేను మేకు మీద. పక్క మేకుకు స్టీలుది వేలాడుతూ కిటికీలోంచి వచ్చే ఎండను ముక్కలు చేసి గోడనిండా చల్లుకుంటుంటే, శుక్రవారం రానీ, నీ సంగతి తేలుస్తాను అనుకునేదాన్ని. నా ఎదుట నిలబడ్డ ఏ జల్లెడా గెలవలేదు.

మాసం దాటింది. శుక్రవారం వచ్చింది. మాణిక్యాంబ తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని గది మధ్య పీట వేసుకుని కూర్చుంది. నాంచారమ్మ నన్ను కిటికీ ఊచలకు ఆనించి పట్టుకుంది. ఝాన్సీ స్టీలుదాన్ని నా మీద పేర్చింది. మొదట కాస్త మెలిపడి అలలన్నీ పక్కకు వాలాయి. సర్దింది. తిన్నగా నిలబడ్డాయి. నా జన్మలో అంత అందమైన అలలు రాలేదని ఒప్పుకోవాలి. కొత్త తీగ గదా, అంచులు కత్తితో గీసినట్టున్నాయి.

ఎడమపక్క కట్టు దగ్గర మూడు పట్టీలు కొడవళ్ళలాగా వంగి ఉన్నాయి.

నేను లోపల జాతర చేసుకుంటున్నాను.

"అదిమావు గదే" అంది మాణిక్యాంబ మెల్లగా.

"నేనా? లేదండీ అమ్మగారూ. చేత్తో అసలు ముట్టుకోను. గరిటె వెనకతో తిప్పుతానంతే."

"మరి అల ఎందుకు వంగిందీ?"

"నాకేం తెలుసండీ."

"నెల తిరిగేసరికే స్టీలు తీగని సాగదీశావంటే అదేం చెయ్యే అమ్మాయ్! నాలుగు పిండిపలుకులు తొందరగా దిగాలని అదిమి ఉంటావు. అల అబద్ధం చెప్తుందా?"

"ఒట్టండీ. మా అమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద ఒట్టెయ్యమాక" అంది నాంచారమ్మ. "కనకవల్లి కూడా ఇట్టాగే వేసింది."

మాణిక్యాంబ లేచింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ ఆ ఇంట్లో అలకు ఎదురు చెప్పిన ఆడది లేదు, ఆవిడతో సహా. "నెలాఖరు దాకా ఉండు. ఈలోగా ఎక్కడైనా చూసుకో. గది తాళం నాంచారమ్మకి ఇచ్చి వెళ్ళు" అంది. ఇంతలో వంటింట్లోంచి పాకం పొంగు వాసన వచ్చింది. పాకం ఎవరి ఏడుపు కోసమూ ఆగదు. ఆవిడ లోపలికి పరుగెత్తింది.

ఝాన్సీ గోడకు ఆనుకుని కూలబడి మొహం మీద కొంగు కప్పుకుంది. వదిన అడిగిన ప్రశ్న మళ్ళీ వినబోతున్నానని ఆమెకు తెలుసు.

నాంచారమ్మ అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఊరుకోలేదు. నెలరోజుల మంట అంత తొందరగా చల్లారుతుందా? స్టీలు జల్లెడను ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో కలిపి పట్టుకుని కిటికీ వెలుగులో నిలబడి, "ఇటు చూడవే మహాతల్లీ, ఎక్కడ నొక్కావో నీ కళ్ళతో నువ్వే చూసుకో" అంది. ఝాన్సీ కుడిపక్కన కూర్చుని ఉంది. వంకర ఎడమపక్కన ఉంది. అందుకని నాంచారమ్మ ఆ వంకరను ఝాన్సీ వైపు తిప్పడానికి స్టీలు జల్లెడను సగం చుట్టు తిప్పింది.

స్టీలు జల్లెడ తిరిగింది. వంకర తిరగలేదు. ఎక్కడుందో అక్కడే, ఎడమపక్కనే, కొడవళ్ళు మూడూ నిలబడి ఉన్నాయి.

చెయ్యి జారిందేమోననుకుంది. మళ్ళీ తిప్పింది. వంకర కదల్లేదు. ఆమె ఊపిరి నా తీగలకు తగిలింది. స్టీలుదాన్ని అలాగే ఉంచి, ఈసారి నన్ను సగం చుట్టు తిప్పింది.

మూడు కొడవళ్ళూ నాతోపాటు తిరిగి కుడిపక్కకు వచ్చాయి.

అంతకుముందు నాకు తెలుసా అని మీరు అడగొచ్చు. తెలియదు. జల్లెడకు తన కన్ను తనకు కనపడదు. ఎదుటి జల్లెడ కన్నులోంచి చూస్తే తప్ప. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ వంకరనే చూపించానని మురిసిపోయాను. అల ఇద్దరి మధ్య తేడా ఎంతో చెబుతుంది గానీ, తప్పెవరిదో చెప్పదు. ఆ రెండో మాట మనుషులు కలుపుకున్నారు. నేను కాదనలేదు.

నాంచారమ్మ బొటనవేలు నా కట్టు పక్కకు వచ్చింది. మొండి చిలుము చోటికి. వేలు పెట్టుకునేందుకు చేసిన గుంటలాగా ఆ చోటు ఆమె వేలికి సరిపోయింది. వేలు అక్కడ ఆగిపోయింది.

ఝాన్సీ కొంగు తియ్యలేదు. ఆమె ఏమీ చూడలేదు. ప్రపంచంలో ఈ సంగతి తెలిసింది మా ఇద్దరికే. చెప్పకే నాంచారమ్మా, అన్నాను నాకున్న అన్ని నోళ్ళతో. చెప్పకపోతే ఆ పిల్ల పోతుంది, ఆ తళుకులాడి పోతుంది. రోలు నీది, మేకు నాది. మళ్ళీ వెన్నలాంటి పిండి అని నిన్నే అంటారు.

ఆమె నన్ను మేకుకు తగిలించింది. రోటి దగ్గరికి వెళ్ళింది. రెండు రోకళ్ళ రోట్లో ఒక్కతే దంచడం మొదలుపెట్టింది. హమ్మయ్య అనుకున్నాను. దంచింది, దంచింది. పూస పొడయ్యాక కూడా దంచింది. పొడి నెయ్యి కక్కుతున్నా దంచింది. ఆఖరికి రోకలి గోడకు ఆనించి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది.

"అమ్మగారూ, పెద్ద జల్లెడ వంకరపోయింది."

"ఏంటీ?"

"పిల్లది కాదు. మనదే. చింతపండు పెట్టి తోమీ తోమీ నేనే సాగదీశా. ఒకే చోట బొటనవేలెట్టి."

"పెద్ద జల్లెడ వంకరపోవటమేంటే, మతుండే మాట్లాడుతున్నావా? మా అత్తగారి జల్లెడ అది!"

"అత్తగారిదైనా ఇత్తడేగా అమ్మగారూ."

మాణిక్యాంబ గరిటె చేత్తోనే వచ్చింది. నాంచారమ్మ స్టీలుదాన్ని తిప్పి చూపించింది. నన్ను తిప్పి చూపించింది. ఝాన్సీ కొంగు తీసి, ఎర్రబడ్డ కళ్ళతో నోరు తెరుచుకుని చూసింది. మాణిక్యాంబ గరిటె నుంచి పాకం తీగలా సాగి నేల మీద పడుతోంది, ఎవరూ చూడలేదు. మరవాడు గుర్తొచ్చాడేమో, "ఆ బరక..." అని ఆగింది. తర్వాత, "మరి కనకవల్లో?" అంది.

నైలానుది నిజంగా సాగిందో, అప్పటికే నేను సాగానో, ఇప్పుడు ఏ కిటికీ దగ్గర పెట్టి చూస్తారు? ఆ నైలాను జల్లెడ ఏ చెత్తలో ఉందో.

"నువ్వెందుకు చెప్పావే?" అంది ఆఖరికి మాణిక్యాంబ. కోపంగా కాదు. "చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు."

"నాకు తెలిసిందిగా" అంది నాంచారమ్మ విసురుగా. "రేపట్నుంచి జల్లిస్తుంటే నా బొటనవేలు ఊరుకుంటుందా? ఏమేవ్ అమ్మాయ్, ఏడ్చింది చాలు, వచ్చి రెండో రోకలి పట్టు. ఒక్కదాన్నే దంచలేక నడుం పడిపోయింది."

ఝాన్సీ ఏడుస్తూనే వచ్చి రోకలి పట్టింది. "పెద్దమ్మా, మరి పెరటి గది తాళం..."

"నీ దగ్గరే ఏడవనీ. నాకెందుకు?"

ఆ పూట నేను పడ్డ అవమానం ఏ జల్లెడా పడి ఉండదు. నా వంకర బయటపడ్డందుకు కాదు. జన్మంతా ఒళ్ళో పెట్టుకున్న మనిషి, నిన్నగాక మొన్న వచ్చినదాని పక్షాన మాట్లాడింది. మాణిక్యాంబ నన్ను తీసి బెల్లం దిమ్మల బుట్ట మీద ఈగలు వాలకుండా మూతగా బోర్లించింది. చీమలు నా తీగల మీద నడిచాయి. మధ్యాహ్నం ఎండ నాలోంచి దిగి బెల్లం మీద చుక్కలు పెట్టేది. పొద్దు వాలితే చుక్కలు పక్కకు జరిగేవి. ఎంతసేపు చూసినా చుక్కలే. అల లేదు. ఒంటరి జల్లెడకు అల ఉండదని నాకు తెలియక కాదు, తెలిసినా ఎదురుచూసేదాన్ని.

ఇంతలో మాణిక్యాంబ నా చోటుకు ఇంకొక స్టీలు జల్లెడ కొనుక్కొచ్చింది. ఒకే చుట్టలోంచి కత్తిరించిన అక్కాచెల్లెళ్ళు. వాటిని చూసి నేను ఎంత కుళ్ళుకున్నానో చెప్పను. అంత ఒద్దిక! పేరిస్తే కన్నుకు కన్ను, తీగకు తీగ. మాసం దాటాక శుక్రవారం కిటికీ దగ్గర పేర్చారు.

మాణిక్యాంబ పీట మీద కూర్చుని కళ్ళు చికిలించింది. "అలేదే?"

అల లేదు. సరిగ్గా పేరిస్తే అంతా ఒకటే వెలుగు. పిసరు జరిపితే అంతా ఒకటే నీడ. కాస్త మెలిపెడితే పిచ్చి చారలు పుట్టి, చెయ్యి వణికినప్పుడల్లా దిక్కు మార్చుకుని, మాయమయ్యేవి. ఏది వంకరో ఏది చేతి వణుకో తెలియదు. సరిగ్గా ఒకేలా ఉన్న ఇద్దరికి ఒకరితో ఒకరికి చెప్పుకునేందుకు ఏమీ ఉండదు. బెల్లం బుట్ట మీంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆ పూట చీమలు కుట్టినా నొప్పి తెలియలేదు.

"పెద్ద జల్లెడ తెద్దామండీ" అంది ఝాన్సీ.

"అది వంకరదేగా!"

"వంకరెక్కడుందో మనకి తెలుసుగదండీ. కట్టు పక్కన మూడు చారలు వంగితే అది దానిది. ఇంకోచోట వంగితే నాది."

"వంకరదాన్ని పెట్టుకుని సరి చూసుకోవటమేంటే, విడ్డూరం కాకపోతే."

నాంచారమ్మ నన్ను ఎత్తి, చీమలు దులుపుతూ అంది: "మా ఆయనతో కాపురం అట్టాగే గదా చేశా అమ్మగారూ. ఎక్కడ అబద్ధమాడతాడో తెలుసు. అక్కడ తప్ప మిగతాదంతా నమ్మేదాన్ని."

మాణిక్యాంబ నవ్వు ఆపుకోలేక తువ్వాలు అడ్డం పెట్టుకుంది.

అలా మళ్ళీ మేకుకెక్కాను. పిండి నా మీదికి రాదు. రెండు జల్లింపులూ స్టీలువే. వారానికొక్క పొద్దు మాత్రం కిటికీ దగ్గర నా అవసరం పడుతుంది. చింతపండుతో తోమడం నాంచారమ్మ మానేసింది, మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. మొండి చోటు దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు పక్కకు తప్పుకుంటుంది. ఆ తప్పుకోవడం నాకు నచ్చదు. ఏం చేస్తాం.

అల చూసేటప్పుడు ఝాన్సీ స్టీలుదాన్ని పిసరంత పైకి జరుపుతుంది, చూడ్డానికి సరదాగా ఉంటుందని. అలలన్నీ దాని వెంట పరుగెత్తుతాయి. నా మూడు కొడవళ్ళ దగ్గరికి వచ్చి వంగి, దాటి పోతాయి. "ఎంత బాగున్నాయో" అంటుంది పిల్ల. ఎవరి అలలని చెప్పదు. పైనున్నది స్టీలుది, కంటికి కనిపించేది అదే. కింద నేనున్నానని, నేను లేకపోతే అది గోడమీది గాజుపెంకులాగా ఊరికే మెరుస్తుందని ఎవరైనా అంటారేమోనని చెవులు రిక్కిస్తాను. ఇంతవరకు ఎవరూ అనలేదు.

మొన్న స్టీలుదాని కట్టు దగ్గర ఒక తీగ సడలింది. మొదట చూసింది నేనే, పక్క మేకునే ఉంటాను గనక. ఎంత సంతోషించాను! శుక్రవారం నాలుగో పట్టీ వంగుతుంది, అందరూ చూస్తారు, అప్పుడు చెబుతాను నీ తళుకుల సంగతి అనుకున్నాను. కానీ ఇవాళ పొద్దున్న నాంచారమ్మ పిండి దులుపుతూ వేలితో తడిమి ఆ తీగను పట్టేసింది. ఇదివరకైతే శుక్రవారం దాకా ఆగేది. ఇప్పుడు, "ఏమేవ్ ఝాన్సీ, అల దాకా ఎందుకే, అమ్మగారు చూడకముందే పట్టుకుపోయి బిగించుకురా" అంది. ఝాన్సీ స్టీలు జల్లెడను చంకలో పెట్టుకుని పోయింది.

పక్క మేకు బోసిగా ఉంది. రెండో స్టీలుది గూట్లో ఉంది గానీ, దాన్ని చూస్తే నాకు మంట రాదు, అది ఎప్పుడూ నా ఎదుట నిలబడలేదు. కిటికీలోంచి ఎండ వచ్చి నాలోంచి చుక్కలుగా దిగి గోడమీద పడుతోంది. పొద్దెక్కుతోంది, చుక్కలు జరుగుతున్నాయి. రేకు పని వాళ్ళు ఒట్టి సోమరులు, ఒక్క తీగ బిగించడానికి ఇంతసేపా? వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా అటే చూస్తున్నాను. ప్రేమనుకునేరు. కాదు. అది రాకపోతే నేనిక ఎవర్ని చూసి కుళ్ళుకోవాలి?